ఇంట్లో మార్చిన చైన్ సా: ఇంజను మొరాయిస్తే ఎక్కడ చూడాలి

(సుచిత్రలో మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల ప్రతినిధుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘాల సమావేశంలో రంపం గురించి ఉపన్యాసమేమిటని కొందరికి అనిపించవచ్చు. గాలికుంటు టీకాలు, దాణా, వెన్న శాతం గురించి వినడమే మనకు అలవాటు. కాని మన పల్లెల్లో ఇప్పుడు పశువుల పాక వెనక్కు వెళ్లి చూస్తే, గడ్డి కత్తిరించే మిషను పక్కనే ఒక పెట్రోలు రంపం కనిపిస్తున్నది. గట్ల మీది సుబాబుల్ కొమ్మలు కొట్టి మేపడానికి, పాకకు గుంజలు తయారు చేసుకోవడానికి, ఎండాకాలపు గాలివానకు రేకుల మీద పడిన వేపకొమ్మ తీయడానికి అది పనికివస్తున్నది. గొడ్డలితో ఒక పూట పట్టే పని అరగంటలో అవుతున్నది. మంచిదే. చిక్కు ఎక్కడంటే, కొన్నది కొన్నట్టుగా ఉన్న రంపం నాకు ఇంతవరకు పదింటిలో రెండు కూడా కనిపించలేదు. ఎవరికి తోచినట్టు వారు మార్చుకుంటున్నారు. మార్చిన తరువాత పాడైన ఇంజనును బాగుచేయడం, మార్చని ఇంజనును బాగుచేయడం ఒకటి కాదు. ఈ రోజు చెప్పదలచుకున్నది అదే.

పోయిన ఎండాకాలం ఒక సంఘం రంపం నా దగ్గరికి వచ్చింది. ఊరి పేరు చెప్పను. తండ్రీ కొడుకులు ఇద్దరూ వచ్చారు.

"ఏమైంది బిడ్డా?"

"పట్టేసింది పెద్దనాయినా. తాడు గుంజితే కదుల్తలేదు."

"ఏం మార్చిన్రు?"

"ఏం మార్చలే."

ఏం మార్చలే అన్న ఆ రంపానికి సైలెన్సరు మీద కొత్తగా వేసిన నాలుగు రంధ్రాలు మెరుస్తున్నాయి. గాలి ఫిల్టరు ఉండవలసిన చోట పాలు వడగట్టే గుడ్డ ముక్క రబ్బరు బ్యాండుతో కట్టి ఉన్నది. పెట్రోలు గొట్టం బదులు పశువైద్యుడు సెలైను ఎక్కించినప్పుడు మిగిలిన గొట్టం. కార్బ్యురేటరు మరల మీది ప్లాస్టిక్ టోపీలు పీకేసి ఉన్నాయి. ఆ పిల్లవాడు అబద్ధం చెప్పలేదు. ఇవి 'మార్పులు' అని అతనికి అనిపించలేదు, అంతే. రంధ్రాలు వేసిన మొదటి రెండు రోజులు రంపం బ్రహ్మాండంగా పనిచేసిందట. గొంతు పెరిగింది, వేగం పెరిగింది. మూడో రోజు నుంచి వేడెక్కితే ఆగిపోవడం మొదలైంది. ప్లగ్గు మూడుసార్లు మార్చారు, ఆ తరువాత కొత్త కార్బ్యురేటరు కొన్నారు. చివరకు పిస్టను సిలిండరుకు పట్టేసింది.

సైలెన్సరు విప్పి ఆ రంధ్రంలో టార్చి వేసి చూపించాను. పిస్టను మీద పొగ బయటికి పోయే వైపున నిలువు గీతలు పడి ఉన్నాయి. గీతలు ఆ ఒక్క వైపే ఉంటే అది ఎక్కువగా వేడికి, అంటే గాలి ఎక్కువై పెట్రోలు చాలకపోవడానికి గుర్తు. చుట్టూ గీతలు పడి ఉంటే పెట్రోలులో నూనె లేదని అనుమానించాలి. మీరు కొత్త కార్బ్యురేటరు కొనే ముందు ఈ రెండు మూడు మరలు విప్పి లోపలికి చూడండి. దానికి ఖర్చేమీ లేదు. పిస్టను గీతలు పడిన ఇంజనుకు కొత్త కార్బ్యురేటరు బిగించడం, పొదుగు వాపు వచ్చిన గేదెకు దాణా మార్చడం లాంటిది.

ఇంతకూ సైలెన్సరుకు రంధ్రం వేస్తే పిస్టను ఎందుకు పట్టేస్తుంది? మన బావి మీది డీజిలు ఇంజనుకు అడుగున నూనె తొట్టి ఉంటుంది. చైన్ సాకు అది లేదు. ఇది టూ స్ట్రోక్ ఇంజను, వెనకటి బజాజ్ చేతక్ స్కూటరు లాంటిది. పెట్రోలులో కలిపిన నూనే దానికి ప్రాణం. పెట్రోలు ఆవిరై లోపలి భాగాలను చల్లబరుస్తుంది, నూనె వాటిని తడుపుతుంది. పొగ సులువుగా పోయేట్టు దారి తెరిస్తే లోపలికి వచ్చే గాలి పెరుగుతుంది. పెట్రోలు సందు మాత్రం మునుపటి కొలతలోనే ఉంటుంది. గాలి పెరిగి పెట్రోలు పెరగకపోతే మంట వేడెక్కుతుంది, పెట్రోలు వెంట వచ్చే నూనె కూడా ఆ లెక్కన తగ్గుతుంది. అట్లాంటి ఇంజను చచ్చే ముందు చాలా చురుకుగా ఉంటుంది. ఆ రెండు రోజుల బ్రహ్మాండం అదే.

ఇక్కడ మీ సొంత విద్య నుంచే ఒక పోలిక చెబుతాను. పాలలో నీళ్లు పోస్తే లాక్టోమీటరు రీడింగు పడిపోతుంది. మీగడ తీస్తే రీడింగు పెరుగుతుంది. రెండూ చేసినవాడి పాలు లాక్టోమీటరు దగ్గర మంచి పాలలాగే నిలబడతాయి. అందుకే మనం వెన్న శాతం కూడా చూస్తాం. మార్చిన ఇంజనులో సరిగ్గా ఇదే జరుగుతుంది. ఎక్కడో రబ్బరు పగిలి దొంగగాలి వస్తున్నది. వట్టిగా తిరిగేటప్పుడు వేగం పెరిగిపోతున్నది. మనవాడు మరలు తిప్పి ఆ వేగం తగ్గించాడు. చెవికి బాగానే ఉన్నది. ఒక తప్పును ఇంకొక తప్పుతో కప్పాడన్న మాట. కొయ్యలో పెట్టి పూర్తిగా ఆక్సిలేటరు నొక్కినప్పుడు ఆ కప్పు ఊడిపోతుంది. కనుక మరల మీద చెయ్యి వేయడం ఆఖరి పని. మొదటి పని 'చివరగా ఏం మార్చాం' అని అడగడం, వీలైతే ఆ మార్పును వెనక్కు తిప్పి చూడడం. పాత సైలెన్సరు, పాత ఫిల్టరు పెట్టి చూస్తే సగం జబ్బులు అక్కడే తేలిపోతాయి.

ఇక వరుసగా చూద్దాం. రంపం అసలు స్టార్టు కావడం లేదనుకోండి. ప్లగ్గు విప్పండి. తడిగా, నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువై మునిగింది. చోకు తీసేసి, ఆక్సిలేటరు నొక్కి పట్టి, ప్లగ్గు ఆరబెట్టి పెట్టి పదిసార్లు తాడు గుంజితే తేరుకుంటుంది. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. గోధుమరంగులో ఉంటే ఆరోగ్యం. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే వెంటనే రంపం ఆపండి, నేను చెప్పిన వేడి అదే. ప్లగ్గు మొనల మధ్య సందు చాలా రంపాలకు 0.5 మిల్లీమీటరు. నిప్పురవ్వ చూడడానికి ప్లగ్గును సిలిండరు ఇనుముకు ఆనించి తాడు గుంజుతారు కదా, అప్పుడు ప్లగ్గు రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది. ఆ రంధ్రానికి దూరంగా ఆనించండి. మీసాలు కాల్చుకున్నవాళ్లు నాకు తెలుసు.

నిప్పు రాకపోతే కాయిలు చచ్చిందని తేల్చకండి. ముందు స్విచ్చి నుంచి వచ్చే తీగను కాయిలు దగ్గర ఊడదీసి చూడండి. స్విచ్చి మార్చినవాళ్ల రంపాల్లో ఆ తీగ ఎక్కడో ఇనుముకు తగిలి ఉండడం తరచుగా చూస్తున్నాను. కాయిలుకూ అయస్కాంతపు చక్రానికీ మధ్య ఒక పోస్టుకార్డు మందం సందు ఉండాలి, సుమారు 0.3 మిల్లీమీటరు. చల్లగా ఉన్నప్పుడు నిప్పు వచ్చి, వేడెక్కినాక పోయి, అరగంట ఆగితే మళ్లీ వస్తే అప్పుడు కాయిలునే అనుమానించండి.

పది నిమిషాలు నడిచి ఆగిపోయే రంపాలది వేరే కథ. ఆగిన వెంటనే పెట్రోలు ట్యాంకు మూత కొద్దిగా వదులు చేయండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, ఆ తరువాత స్టార్టయితే ట్యాంకుకు గాలి పీల్చే దారి మూసుకున్నది. మూత మార్చినవాళ్లకు, ట్యాంకుకు ఎంసీల్ పూసినవాళ్లకు ఇది మామూలు. అది కాకపోతే ట్యాంకులో తీగ కొక్కెంతో గొట్టం చివరి ఫిల్టరును బయటికి లాగి చూడండి. సెలైను గొట్టం వాడినవారికి ఒక మాట. అది పెట్రోలుకు పనికివచ్చే ప్లాస్టిక్ కాదు. కొన్ని వారాల్లో గట్టిపడి కుంచించుకుపోతుంది, మొదట్లో మెత్తగా బిగిసిన చోటనే గాలి లాగుతుంది. పెట్రోలు గొట్టం ఖరీదైన వస్తువేమీ కాదు. అదే కొనండి.

వదిలినా వేగం తగ్గకుండా ఉరుముతూ ఉండే రంపం ప్రమాదకరమైన రోగి. అది దొంగగాలి. కార్బ్యురేటరుకూ సిలిండరుకూ మధ్య ఉన్న రబ్బరు బూటు చీలి ఉండవచ్చు, క్రాంకు సీళ్లు అరిగి ఉండవచ్చు. ఒక పక్కకు వంచితే వేగం మారుతుంటే సీళ్ల మీద అనుమానం ఎక్కువ. మెకానిక్కు దగ్గరైతే పొగ దారి, గాలి దారి రబ్బరు ముక్కలతో మూసి, లోపలికి కొద్దిపాటి గాలి ఎక్కించి, సబ్బునురుగు పూస్తే బుడగలు ఎక్కడ వస్తాయో కనిపిస్తుంది. సైకిలు ట్యూబుకు పంక్చరు వెతికినట్టే. గాలి అర కిలో ఒత్తిడికి మించకూడదు, మించితే బాగున్న సీళ్లు కూడా పోతాయి.

కంప్రెషను చూడడానికి మీటరు లేకపోయినా ఒక మోటు పద్ధతి ఉన్నది. స్విచ్చి ఆపి, తాడు పిడి పట్టుకొని రంపాన్ని గాలిలో వేలాడదీయండి. ఆగి ఆగి మెట్లు దిగినట్టు దిగితే ఇంజనులో ఇంకా సత్తువ ఉన్నది. బావిలోకి చేదలా జారిపోతే రింగులు, పిస్టను సంగతి చూసుకోవాలి.

శక్తి లేదని వచ్చే రంపాలలో చాలావాటికి ఇంజను జబ్బే ఉండదు. కొయ్య నుంచి రాలేది చూడండి. చెక్కులు రాలితే గొలుసు పదును. పిండి రాలితే మొద్దు. మొద్దుగొలుసుతో బలంగా నొక్కి కోస్తే ఇంజను వేడెక్కుతుంది, క్లచ్చు కాలుతుంది, చివరకు తప్పు ఇంజను మీదికి వస్తుంది. ఈ గొలుసు పళ్ల వెనక ఒక ముచ్చట ఉన్నది. అమెరికాలో జోసెఫ్ బ్యుఫోర్డ్ కాక్స్ అనే కలప పనివాడు 1946లో ఒక మోడును తొలుస్తున్న పురుగును చూసి, అది దవడలను కుడికీ ఎడమకూ ఆడిస్తూ నారకు అడ్డంగానూ నిలువుగానూ ఒకే తీరుగా కోయడం గమనించి, ఆ తీరున పళ్లు చేసి 1947లో అమ్మకానికి పెట్టాడు. ఇప్పుడు మనం వాడే గొలుసులు ఆ వంశానివే. ఆకురాయి గుండ్రంగా, గొలుసుకు తగిన సైజుదే ఉండాలి. వేపలో దిగిన మేకు ఒక్కటి తగిలినా పదును పోయినట్టే, కనుక గేదెలను కట్టిన చెట్లను కోసే ముందు తడిమి చూడండి.

ఇవన్నీ సరిగా ఉన్నాకనే మరలు. 'ఎల్' అన్నది నెమ్మది వేగానికి, 'హెచ్' అన్నది పూర్తి వేగానికి. ఎడమకు తిప్పితే పెట్రోలు పెరుగుతుంది, కుడికి తిప్పితే తగ్గుతుంది. చాలా రంపాలకు మెల్లగా చివరి వరకు బిగించి ఒక చుట్టు వెనక్కు వదిలితే మొదలుపెట్టడానికి సరిపోతుంది. తరువాత చెవితో వినాలి. వట్టిగా మూడు నాలుగు సెకన్లు పూర్తిగా నొక్కితే గొంతులో కఫం ఉన్నట్టు గరగరమనాలి, కొయ్యలో దిగగానే ఆ గరగర పోయి గొంతు శుభ్రం కావాలి. వట్టిగా ఉన్నప్పుడే సన్నగా కీచుమంటే పెట్రోలు చాలడం లేదు. సైలెన్సరు తెరిచినవారు 'హెచ్' ను తప్పక ఎడమకు తిప్పుకోవాలి. తిప్పడం చేతకాకపోతే రంధ్రాలు వేయడం చేతనైనట్టు కాదు.

ఇప్పుడు పెట్రోలు సంగతి. దీని మీద కొంచెం నిలవాలి, ఎందుకంటే మార్చని రంపాలు కూడా ఈ మధ్య దీనివల్లనే పడుతున్నాయి. 2025 నాటికి దేశంలో బంకుల్లో పోసేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. చాలా రంపాల కంపెనీల పుస్తకాలలో 10 శాతం వరకే అనుమతి ఉంటుంది. మామూలు పెట్రోలు 1 కిలో మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఈ మిశ్రమానికి సుమారు 13.5 కిలోలు చాలు. అంటే అదే గాలికి పెట్రోలు ఎక్కువ కావాలి. మరలు ముట్టుకోకపోయినా ఇంజను కొంత ఎండు మంటకు దిగినట్టే. దాని మీద సైలెన్సరు రంధ్రాలు కూడా తోడైతే లెక్క మీరే వేసుకోండి.

అంతకన్నా చెడ్డది నిలవ. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. సగం ఖాళీగా ఉన్న డబ్బాను ముసురు రోజుల్లో పాకలో పెట్టి మరిచిపోతే, నీరు ఒక హద్దు దాటగానే ఇథనాలూ నీరూ కలిసి అడుగుకు దిగుతాయి. నూనె మాత్రం పెట్రోలుతోపాటు పైనే ఉండిపోతుంది. ట్యాంకులో పీల్చే గొట్టం అడుగున ఉంటుంది. ఇంజనుకు అందేది నూనె చుక్క లేని సారానీళ్లు. 'నూనె సరిగానే కలిపాను, అయినా పట్టేసింది' అన్నవారి మాట నిజమే కావచ్చు. మిశ్రమాన్ని గాజుసీసాలో పోసి వెలుతురుకు పట్టి చూడండి, అడుగున వేరే పొర కనిపిస్తే పారేయండి. బంకు పెట్రోలులో ఇథనాల్ ఎంతో చూడాలంటే సన్నటి గాజుసీసాలో 20 మిల్లీలీటర్ల నీరు, 100 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి ఊపి నిలబెట్టండి. ఇథనాల్ నీటిలోకి దిగి అడుగు పొర పెరుగుతుంది. ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయండి. కార్యదర్శులకు ప్రత్యేక మనవి, ఈ పరీక్ష మన పాల పరీక్ష గొట్టాల్లో చేయకండి.

నూనె 1 లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లా, 40 మిల్లీలీటర్లా అన్నది ఆ రంపం పుస్తకమూ, నూనె డబ్బా చెప్పాలి. 50కి 1 అంటే 20, 25కి 1 అంటే 40. టూ స్ట్రోక్ బండ్లు తగ్గిపోయాక 2టి నూనె కొన్ని బంకుల్లో దొరకక, చాలామంది మోటారుసైకిలు ఇంజను నూనె పోస్తున్నారు. అది మండిపోయే నూనె కాదు. రింగుల్లో బొగ్గు కడుతుంది, సైలెన్సరు జాలీ మూసేస్తుంది. అట్లాగని మంచి నూనె రెట్టింపు పోస్తే మేలూ లేదు. నూనె పెరిగినంత మేర పెట్రోలు తగ్గుతుంది, మంట ఎండుతుంది. కలిపింది నెల రోజులకు మించి నిలవ పెట్టకండి.

ఇంజను వదిలి ఒక మాట, ఇది పాడి రైతుకు ఇంజనుకన్నా పెద్దది. గొలుసుకు తడి కోసం ట్రాక్టరు నుంచి తీసిన కాలిన నూనె పోస్తున్నారు. ఉచితంగా వస్తున్నది కనుక. ఆ నూనె తొట్టిలో నిలవదు. గొలుసు మీది నుంచి చిమ్మి కొమ్మల మీద, ఆకుల మీద పడుతుంది. ఆ ఆకులే మనం గేదెల ముందు వేస్తాం. కాలిన నూనెలో అరిగిన బేరింగుల లోహాలు, మసి ఉంటాయి. పెట్రోలులో సీసం కలపడం మన దేశంలో 2000లో ఆగింది కాబట్టి వెనకటంత సీసం ఉండదు. అయినా ఏ డ్రమ్ములో ఏం కలిసిందో ఎవరికి తెలుసు? సీసం పశువులకు విషం, పాలలోకీ దిగుతుంది. నేను చూసిన గేదె ఒకటి వాసన చూసి ఆ మేత వదిలేసింది. ఆకలి మీదున్న దూడ వదలదు. పశువులు పాత నూనెను రుచికి నాకడం కూడా ఉన్నదే. మేత కోసే రంపానికి కాలిన నూనె పోయకూడదు, ఇందులో బేరం లేదు. గొలుసు నూనె కొనండి. లేదా ఆ రోజు పనికి వేరుశనగ నూనె పోసి, పని అయ్యాక తొట్టి ఖాళీ చేయండి, లేకపోతే జిగురు కడుతుంది. ఐరోపాలో ఆవజాతి గింజల నూనెతో చేసిన గొలుసు నూనె అడవి పనుల్లో వాడుతున్నారు. ఖరీదు మాట నిజమే. కాని సంఘం పాలు ఒకసారి వెనక్కు వస్తే ఎన్ని డబ్బాల నూనె ఖరీదో మీకు చెప్పనక్కరలేదు.

వడగట్టే గుడ్డను గాలి ఫిల్టరుగా కట్టినవారికి, గుడ్డలో పాలు ఆగవు, దుమ్మూ ఆగదు. సన్నటి దుమ్ము నూనెతో కలిసి సిలిండరును సానపట్టినట్టు అరగదీస్తుంది.

ఇంకొక మార్పు గురించి నేను మెత్తగా చెప్పలేను. ముందు పిడి దగ్గరి గొలుసు బ్రేకు అడ్డంగా ఉన్నదని తీసేసిన రంపాలు రెండు చూశాను. బద్ద మొన పై భాగం కొయ్యకు తగిలితే రంపం ఎగిరి ముఖం మీదికి వస్తుంది. ఆ క్షణంలో గొలుసును ఆపేది ఆ బ్రేకే. అది లేని రంపాన్ని నేను ముట్టుకోను, బాగుచేసి ఇవ్వను. వట్టిగా తిరిగేటప్పుడు గొలుసు కదులుతున్నా అంతే, వేగమైనా తగ్గాలి, క్లచ్చు స్ప్రింగులైనా మారాలి. చెట్టు కొట్టే ముందు 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి సంగతి కనుక్కోవడం కూడా మరవకండి.

సంఘానికి ఒకే రంపం ఉండి నలుగురు వాడుతుంటే దానికి ఒక నోటుపుస్తకం పెట్టండి. పాల రిజిస్టరు రాసే చేతికి ఇది బరువు కాదు. పెట్రోలు ఏ తేదీన తెచ్చారు, నూనె ఎన్ని మిల్లీలీటర్లు కలిపారు, ఎవరు ఏ భాగం మార్చారు, ఆ తరువాత ఎన్ని గంటలు నడిచింది. ఆ తండ్రీ కొడుకుల రంపానికి ఈ నాలుగు ముక్కలు రాసి ఉంటే మూడో రోజునే దొరికిపోయేది. సిలిండరు, పిస్టను కొత్తవి వేశాం, పాత సైలెన్సరు పెట్టాం. కొయ్యలో మునుపటికన్నా కొంచెం నెమ్మది అని ఆ పిల్లవాడు ఇప్పటికీ గొణుగుతాడు. నడుస్తున్నది మాత్రం అదే.

భోజనాల తరువాత వెనక వరండాలో బల్ల వేసి ఉంటాను. రంపాలు తెచ్చినవారు ట్యాంకు ఖాళీ చేసి తీసుకురండి. ఊడదీసి పక్కన పెట్టిన పాత భాగాలు ఇంట్లో ఉంటే, రేపైనా సరే, అవి కూడా పంపించండి.